ఊపిరి సలపనివ్వని చోట ప్రాణాయామ పాఠాలు



ప్రాణాయామం మీద నాకు వైరం లేదు. చిన్ననాటి నుండి సంధ్యావందనంలో భాగంగా చేస్తూ వస్తున్నదే. నా ఆక్షేపణ అంతా దానిని పిల్లల నోరు మూయించే సాధనంగా వాడుకుంటున్న వారి మీదనే. ఇంటర్మీడియట్ విద్యార్థులను తెల్లవారుజామున ఐదు గంటలకు లేపి, రాత్రి పది దాటేవరకు పుస్తకాల ముందు కూర్చోబెట్టి, వారం వారం మార్కుల పట్టికను గోడకు అంటించి, ఆపైన ఒత్తిడి పోవడానికి పది నిమిషాలు ఊపిరి పీల్చి వదలమంటున్నారు. మా వీధిలోని ఒక విద్యార్థి చెప్పినదాని ప్రకారం, వాళ్ళ కళాశాలలో ఆ పది నిమిషాలు కూడా ఆటల గంటలో నుండి కోసినవే! ఊపిరి సలపనివ్వని వారే ఊపిరి పాఠాలు చెప్పడం కంటె విడ్డూరం వేరొకటి ఉన్నదా?

మొదట ఆ సాధన శరీరంలో ఏమి చేస్తుందో చూద్దాం. ఆపద ఎదురైనప్పుడు దేహం పోరాటానికో పలాయనానికో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1915లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. మూత్రపిండాల మీద టోపీల వలె ఉండే అధివృక్క గ్రంథుల నుండి అడ్రినలిన్ వెలువడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. ఆపద తొలగకుంటే కార్టిసాల్ అనే మరొక హార్మోను ఆ స్థితిని కొనసాగిస్తుంది. ఇవేవీ మన ఆజ్ఞకు లోబడవు. శ్వాస ఒక్కటే తనంతట తాను జరిగేదీ, మనం కోరినప్పుడు మన మాట వినేదీ. మణికట్టు దగ్గర నాడి పట్టుకొని నెమ్మదిగా ఊపిరి తీసి విడిచి చూడండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం త్వరపడుతుంది, విడిచేటప్పుడు నెమ్మదిస్తుంది. గుండెకు కళ్ళెం వేసే వేగస్ నాడి చేసే పని అది.

ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన ప్రకటించింది. 23 మంది చేత లాటిన్ భాషలో జపమాల ప్రార్థననూ, బౌద్ధుల మణి మంత్రాన్నీ చెప్పించి చూశారు. రెండింటితోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు దిగింది, రక్తపోటును సరిదిద్దే ప్రతిక్రియ చురుకైంది. అంటే మేలు చేసినది శ్వాస లయ. అది ఏ ఒక్క మతం సొత్తూ కాదు.

ఇక్కడ మనవారికీ ఒక మాట చెప్పాలి. ప్రాణాయామంతో రక్తంలోకి ప్రాణవాయువు వెల్లువలా చేరుతుందని ప్రవచనకారులు తరచు అంటూ ఉంటారు. ఆరోగ్యవంతుని ధమనీ రక్తంలోని హిమోగ్లోబిన్ మామూలు శ్వాసతోనే నూటికి తొంభై అయిదు పాళ్ళకు మించి ప్రాణవాయువుతో నిండి ఉంటుంది. మరి ఆ వెల్లువకు చోటెక్కడిది? వేగంగా ఊపిరి కొడితే బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడులోని రక్తనాళాలు సంకోచించి కళ్ళు తిరుగుతాయి. ఉన్న గుణం చాలు, లేని గుణం అంటగట్టడం శాస్త్రానికీ అపచారమే, యోగానికీ అపచారమే.

అయితే ఆ ఉన్న గుణానికి ఒక హద్దు ఉన్నది. నెమ్మదైన శ్వాస భయపు గంటను కాసేపు తగ్గిస్తుంది. గంట ఎందుకు మోగుతున్నదో ఆ కారణాన్ని తొలగించదు. కౌమారంలోని పిల్లలకు రోజుకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. పది దాటి పడుకొని ఐదుకు లేచేవాడికి ఏడు గంటలైనా దక్కవు. చదివినది జ్ఞాపకంలో కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్రను దోచుకొని, బదులుగా పది నిమిషాల రేచక పూరకాలు ఇస్తే లెక్క సరిపోతుందా?

తెలుగు పండితుడిని కనుక పదం దగ్గర కాస్త ఆగుతాను. ప్రాణాయామం అంటే ప్రాణ, ఆయామ అనే రెండు పదాల సవర్ణదీర్ఘ సంధి. ఆయామం అంటే నిడివి, విస్తారం. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఇది నాలుగవది. మొదటిది యమం, అందులో తొలి రెండూ అహింస, సత్యం. పిల్లల్ని మార్కుల చొప్పున వేరు తరగతులుగా విడదీసి, తక్కువ వచ్చినవాణ్ణి నలుగురిలో నిలబెట్టడం ఏ అహింస? ఒకే ర్యాంకును అనేక శాఖల ఖాతాలో ప్రకటించుకోవడం ఏ సత్యం? మొదటి మెట్టు ఊడబెరికి నాలుగవ మెట్టు ఎక్కమనడం యోగం కాదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో తప్పులు దొర్లాయి. ఆ ఫలితాల పిమ్మట ఇరవైమందికి పైగా పిల్లలు బలవన్మరణం పాలైనట్లు వార్తలు వచ్చాయి. తప్పినవారి పత్రాలన్నిటినీ ఉచితంగా మళ్ళీ పరిశీలించమని ప్రభుత్వమే ఆదేశించవలసి వచ్చింది. ఆ పిల్లలకు కొరవడినది ప్రాణాయామమని ఎవరైనా అనగలరా?

“ఏమీ లేనిదానికంటె పది నిమిషాలైనా మేలు కదా మాస్టారూ” అని నన్ను అడిగినవారున్నారు. మేలే, పక్కన మరేదైనా మారుతుంటే. మారనప్పుడు ఆ పది నిమిషాలు పిల్లవాడికి చెప్పేది ఒకటే: లోపం మాలో లేదు, నీ ఊపిరిలో ఉన్నది అని. ఇంతకంటె క్రూరమైన పాఠం నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు.

విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి తరగతులు విడదీయరాదు. బహిరంగంగా అవమానించరాదు. కళాశాల గడప తొక్కే తల్లిదండ్రులు ముందు అడగవలసినవి ఇవి. పిల్లవాడు ఎన్ని గంటలు నిద్రపోతాడు, ఎన్ని గంటలు ఆడుకుంటాడు, ఏడుపు వస్తే ఎవరితో చెప్పుకుంటాడు అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. వీటికి తిన్నగా సమాధానం దొరికిన చోట ప్రాణాయామం కూడా నేర్పమనండి, పిలిస్తే నేనే వచ్చి నేర్పుతాను.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్యానించగలరు. ఇళ్ళలో ఇంటర్మీడియట్ పిల్లలున్న మిత్రులు మీ పిల్లల దినచర్య కూడా రాయండి. లెక్కలు ముందుంటే వాదన తేలిక.