యంత్రమునకును తగిన నిద్ర

విద్యార్థులారా! ఐదు నిమిషముల విరామమున ఇంటికేగి పరుండినవాడు తరగతికి జాగుచేయును. పెక్కు కోర్లు గల ప్రాసెసరునకును ఇదియే న్యాయము. ఆండ్రాయిడ్ ఫోనులను నడుపునది లినక్సే. అందు పనిలేని కోరు నిద్రించును. కునుకునందు కోరును నడుపు గడియారపు స్పందనము మాత్రమాగును. మెలకువ శీఘ్రముగ వచ్చును. గాఢనిద్రలో విద్యుత్తే నిలుచును. కాని పరుండుటకును లేచుటకును కాలము, శక్తి వ్యయమగును. విరామము చాలనిచో లాభమునకు మాఱు నష్టమే.

ఒక గుంపులోని కోర్లన్నియు నిద్రించినగాని వాని యుమ్మడి కాష్ మెమరీకి విద్యుత్తు నాప వీలులేదు. 2008లో వెలువడిన లినక్సు 2.6.24 మొదలు సీపీయూఐడిల్ అను భాగము, రాబోవు విరామము నంచనావేసి తగిన నిద్రను నిర్ణయించుచున్నది.

జాప్యమునకు వెఱచి కొందఱు గాఢనిద్రనే మాన్పింతురు. అది బ్యాటరీకి చేటు. సహింపదగిన జాప్యమెంతయో కొలిచి లినక్సునకు దెలుపుటయే వివేకమని నా యభిప్రాయము.