సొర గాలానికి పడితే తోక పట్టి లాగొద్దు.. వదలడానికీ ఓ పద్ధతుంది!

ఆదోని, ఎమ్మిగనూరు వైపు చేపంటే తుంగభద్ర చేప, లేదంటే చెరువు చేప. సముద్రం ఊసే లేదు. అయినా ఫోన్లలో సొరచేపల వీడియోలకు కొదవ లేదు. గాలానికి చిక్కిన సొరను ఒడ్డుకు ఈడ్చడం, పక్కన కూర్చుని సెల్ఫీ, ఆఖర్లో ‘వదిలేశాం’ అని క్యాప్షన్. మరి నీళ్లలోకి వెళ్లినంత మాత్రాన అది బతికినట్టేనా?

చెప్పలేం. సొరకు ఎముకలుండవు, ఉన్నదంతా మృదులాస్థే. తోక పట్టి వేలాడదీస్తే సొంత బరువుకే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. చాలా రకాలకు మొప్పల మీదుగా నీరు పారుతుంటేనే ఊపిరి. అందుకే నీళ్లలో ఉంచే కొక్కెం తీయాలి. రాకపోతే దారాన్ని నోటికి దగ్గరగా కోసేయాలి. ఫొటో కోసం పైకెత్తడం అసలు వద్దు.

మన రాష్ట్రంలో పద్ధతిగా జరిగిన కేసు ఒకటుంది. 2021 డిసెంబర్‌లో విశాఖ తంతడి బీచ్ దగ్గర వలలో పడిన భారీ తిమింగల సొరను అటవీ శాఖ, మత్స్యకారులు కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు. ఈ జాతి 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్-1లో ఉంది. వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

అయితే అసలు చిక్కు చట్టంతో కాదు, వలతో. కోస్తే నష్టపోయేది మత్స్యకారుడే. గుజరాత్‌లో 2004లో మొదలైన ప్రచారం నిలబడిందంటే, కోసిన వలకు ప్రభుత్వం డబ్బులివ్వడం పెద్ద కారణం. తర్వాత మహారాష్ట్ర కూడా అదే బాట పట్టింది. సరదాకి గాలం వేసేవాళ్లకు ఆ ఇబ్బందీ లేదు. పోయేది ఒక కొక్కెం, మూరెడు దారం.