గాలం ఒకరికి, ఫోన్ ఇంకొకరికి

బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలారంటే విజయవాడ చుట్టుపక్కల అటకల మీది గాలాలు కిందికి దిగుతాయి. ఆదివారం పొద్దున్నే ఏలూరు కాలువ గట్టు మీదో, బందరు కాలువ వెంటో, రైవస్ కాలువ పక్కనో చూడండి. స్కూటరు ఆపి, డబ్బాలో వానపాములు పెట్టుకుని కూర్చున్న నాన్నలు, వాళ్లను ఆనుకుని పిల్లలు కనిపిస్తారు. ఇప్పుడు గాలంతో పాటు అందరి చేతిలోనూ ఫోన్ ఉంటోంది. చేప మూకుట్లోకి చేరేలోపు ఫ్యామిలీ గ్రూపులోకి చేరాలి కదా!

నేనూ అంతే. మా మామగారి ఊరు అవనిగడ్డ వైపు. వెళ్లినప్పుడల్లా గాలం వేస్తాను, పడేది తక్కువ. ఫొటో లేకపోతే పడిందని ఇంట్లో ఎవరూ నమ్మరు. కాబట్టి ఈ సరదా మానేయమని నేను చెప్పను. వారమంతా కుర్చీకి అతుక్కుపోయేవాళ్లు రెండు గంటలు బెండు మీద చూపు నిలిపి చెట్టు కింద కూర్చుంటే మంచిదే. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండనీ అనను. 108కి కబురు చేయాలన్నా అదే కావాలి. నేను అడిగేది ఒక్కటే. గాలం పట్టుకున్న చేతిలో ఫోన్ వద్దు. ఫోన్ పట్టుకునే మనిషి నీళ్లకు దూరంగా, పొడి నేల మీద ఉండాలి. ఎక్కడ నిలబడాలో చెప్పాల్సింది ఫొటో బాగా రావాలనుకునేవాళ్లు కాదు.

ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట నేను డ్యూటీలో ఉండగా ఒక ఇంటర్ కుర్రాడిని తీసుకొచ్చారు. నలుగురు స్నేహితులు కృష్ణలో గాలం వేయడానికి వెళ్లారు. ఇతనికి చేప పడింది. దాన్ని పైకెత్తి చూపిస్తుంటే, ‘కొంచెం వెనక్కి జరుగు, బ్రిడ్జి కూడా పడాలి’ అన్నారు. జరిగాడు. అక్కడ ఇసుక తవ్విన గుంట ఉంది. మా దగ్గరకు వచ్చేసరికి మేం చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

సాయంత్రం ఆ స్నేహితుల్లో ఒకడు నా గది బయట చాలాసేపు నిలబడి, లోపలికొచ్చి ఫోన్ చూపించాడు. వీడియో నిమిషం కూడా లేదు. నీళ్లలో ఆ పిల్లాడి తల వెనక్కి వాలి ఉంది. నోరు నీటి మట్టానికి ఒకసారి పైకి, ఒకసారి కిందికి. చేతులు పక్కలకు చాపి నీటిని కిందికి నొక్కుతున్నాడు. ఒక్క అరుపు లేదు. ఒడ్డు మీద మాత్రం నవ్వులు, ‘యాక్టింగ్ చాల్లేరా’ అన్న మాట వినిపిస్తున్నాయి. ‘నిజంగా మాకు తెలియలేదు సార్’ అన్నాడు. నేను నమ్మాను. ఎందుకంటే చాలామందికి తెలియదు.

సినిమాల్లో మునిగేవాళ్లు చేతులు ఊపుతారు, ‘కాపాడండి’ అని కేకలు వేస్తారు. నిజంగా మునిగేవాళ్లకు ఊపిరి తీసుకోవడానికే వ్యవధి ఉండదు, ఇక అరిచేదెక్కడ? చేతులు వాటంతటవే నీటిని తోస్తాయి, ఊపడం వాళ్ల వశంలో ఉండదు. ఇదంతా నిమిషంలోపే ముగిసిపోవచ్చు. పక్కనున్నవాళ్లు తెరలోంచి చూస్తుంటే గుర్తుపట్టడం మరీ కష్టం. తెరలో అంతా కాస్త ఆటలాగే కనిపిస్తుంది.

2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు ప్రపంచవ్యాప్తంగా వార్తల్లోకి వచ్చిన సెల్ఫీ మరణాలను మన దేశ వైద్యులే లెక్కగట్టి 2018లో ప్రచురించారు. మొత్తం 259 మంది. ఎక్కువమంది మన దేశంవాళ్లే. కారణాల్లో మొదటిది నీట మునిగిపోవడం. సగటు వయసు 23 ఏళ్లు. ఇవి పేపరుకెక్కినవి మాత్రమే.

‘మాకు ఈత వచ్చండీ’ అంటారు. సంతోషం. కానీ కృష్ణ అడుగు నిరుటిలా ఈ ఏడు ఉండదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి. అంత నీరు పోయాక ఎక్కడ మేట వేసిందో, ఎక్కడ కోసేసిందో పైనుంచి చూసి చెప్పలేం. ఇసుక గుంటలు సరేసరి. కాలువలకైతే సిమెంటు లైనింగు ఉన్నచోట పాచి పట్టి ఉంటుంది. జారిన మనిషి తిరిగి పైకి ఎక్కాలంటే పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఎవరైనా పడితే వెంటనే దూకేయకండి. కాపాడబోయినవాళ్లూ పోయిన ఇళ్లు నాకు తెలుసు. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్‌కు తాడు కట్టి తీసుకెళ్లండి, ముందు దాన్ని విసరండి. తాడు లేకపోతే లుంగీ, పొడవాటి కర్ర. బయటికి తీశాక బోర్లా వేసి పొట్ట నొక్కడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం మన దగ్గర ఇంకా పోలేదు. దానివల్ల పొట్టలోని నీళ్లు గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, సమయమూ పోతుంది. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో శ్వాస ఇవ్వాలి. ఆ తరవాత 30 సార్లు ఛాతీ మధ్యలో నొక్కడం, 2 సార్లు శ్వాస. 108 వచ్చేదాకా ఇదే. నీళ్లు మింగి తేరుకున్నా సరే, ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచాలి. ఊపిరితిత్తుల ఇబ్బంది ఆలస్యంగా బయటపడుతుంది.

మిగతావి చిన్నవే గానీ, వాటికీ ఫొటోతో సంబంధం ఉంది. గాలం విసిరే మనిషికి సరిగ్గా వెనక నిలబడి వీడియో తీస్తే కొక్కెం మీకే తగులుతుంది. చర్మంలో దిగితే వెనక్కి లాగకండి, దానికి ఎదురుముల్లు ఉంటుంది. కంటి దగ్గరైతే అసలు ముట్టుకోకండి, పైన కాగితం కప్పు బోర్లించి తీసుకురండి. ఇంగిలాయిని, జెల్లను పోజు కోసం పిల్లల చేతికివ్వొద్దు. ముల్లు గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్లలో చెయ్యి ఉంచితే బాధ తగ్గుతుంది, ఆపైన టీటీ చూసుకోవాలి. గట్టు మీద పాము కరిస్తే ఫొటో కోసం దాని వెంట పడకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ మేం ఇచ్చే మందు ఒకటే. లక్షణాలు, రక్తం గడ్డకట్టే పరీక్ష చూసి వైద్యం చేస్తాం. చేతిలో దూరం నుంచి తీసిన ఫొటో ఉంటే చూపించండి, లేకపోతే బెంగ వద్దు.

కెమెరా మేలు చేసిన సంగతీ ఒకటి చెప్పాలి. వారం రోజుల జ్వరం, కళ్లెర్రదనం, పిక్కల్లో విపరీతమైన నొప్పితో ఒక పెద్దమనిషి వచ్చారు. బ్యాంకు ఉద్యోగం. ‘మురికి నీళ్లలో ఎప్పుడైనా దిగారా?’ అని అడిగితే ‘అబ్బే, ఏసీలో కూర్చునే ఉద్యోగం’ అన్నారు. పక్కనున్న భార్య మాట్లాడకుండా ఫోన్ తీసి ఒక ఫొటో ముందు పెట్టారు. పంట కాలువలో మోకాళ్ల లోతున, చేతిలో కొరమీనుతో ఆయనే. తేదీ చూస్తే జ్వరానికి తొమ్మిది రోజుల ముందు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అనుమానించి ఆ రోజే మందు మొదలుపెట్టాం. తరవాత పరీక్షలో అదే తేలింది. కిడ్నీల దాకా పోకుండా మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గింది. నెల తరవాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయనకు రబ్బరు బూట్లు కొనిపెట్టినట్టు ఆవిడ చెప్పారు.