కడుపులోని వార్త

చివరి మూడు నెలల్లో బిడ్డ గురించి అందరికీ అభిప్రాయాలుంటాయి. సమాచారం మాత్రం తల్లి దగ్గరే ఉంటుంది.

కాళీఘాట్‌లో మెట్రో ఎక్కేసరికి ఆడవాళ్ల సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి. అయినా ఈ మధ్య నేను నిలబడాల్సిన అవసరం రావడం లేదు. నాకంటే ముందు నా పొట్ట బోగీలోకి ప్రవేశిస్తుంది. దాన్ని చూసి ఎవరో ఒకరు లేస్తారు. కూర్చోగానే ప్రశ్నలు మొదలు. ఎన్నో నెల? మొదటి కాన్పేనా? చేపలు తింటున్నావా లేదా? చాందినీచౌక్‌లో నేను దిగేలోపు ముక్కూమొహం తెలియని ముగ్గురైనా పొట్ట ఆకారాన్ని బట్టి ఆడపిల్లో మగపిల్లాడో తేల్చేస్తారు. స్కానింగ్ సెంటర్లలో లింగ నిర్ధారణను 1994 నాటి చట్టం నిషేధించింది. మెట్రోలో అలాంటి నిషేధమేమీ లేదు. ఎన్నికల వార్తల కోసం ఊళ్లు తిరిగినప్పుడు కూడా నాకు ఇంతమంది విశ్లేషకులు తారసపడలేదు.

డాక్టర్ లెక్కలో నాకిప్పుడు 35వ వారం. రాజమండ్రిలో ఉన్న మా అమ్మ లెక్కలో తొమ్మిదో నెల. కింది ఫ్లాట్‌లో ఉండే మాసిమా లెక్కలో 'ఇక ఇవాళో రేపో'. లెక్క ఎవరిదైనా ఇది ఆఖరి అంకం. వైద్యులు 28వ వారం నుంచి కాన్పు దాకా ఉన్న కాలాన్ని మూడో త్రైమాసికం అంటారు. అది మొదలైనప్పుడు బిడ్డ బరువు సుమారు కిలో. అంటే ఇక్కడి గరియాహాట్ బజారులో బేరమాడి కొనే మంచి ఇలీష్ చేపంత. గోదావరి జిల్లాల వాళ్లకైతే పులస అని చెబితే సరిపోతుంది. రెండూ ఒకటే చేప. నెలలు నిండేసరికి మన దేశంలో బిడ్డలు సాధారణంగా రెండున్నర నుంచి మూడున్నర కిలోల మధ్య ఉంటారు. పన్నెండు వారాల్లో దాదాపు మూడింతలు పెరగడమన్న మాట. పుట్టిన తర్వాత ఎవరమూ ఎప్పుడూ అంత వేగంగా పెరగం.

ఈ పెరుగుదలలో బరువు ఒక్కటే విషయం కాదు. అప్పటిదాకా ముడతలతో ఉన్న చర్మం కింద కొవ్వు చేరుతుంది. పుట్టాక ఒంటి వేడిని నిలబెట్టేది అదే. ఊపిరితిత్తుల్లో ఒక జిగురు పదార్థం తయారవుతుంది. అది చాలినంత లేకపోతే గాలి తిత్తులు ఊపిరి వదిలినప్పుడల్లా అతుక్కుపోతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు ఊపిరికి అల్లాడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. మొదటి కొన్ని నెలలకు కావలసిన ఇనుమును బిడ్డ ఇప్పుడే తల్లి రక్తం నుంచి తీసి దాచుకుంటుంది. రోగాలను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు తల్లి నుంచి ఎక్కువగా అందేది కూడా ఈ వారాల్లోనే. ఎముకలు గట్టిపడతాయి, పుర్రె పలకలు తప్ప. బయటికి వచ్చే ఇరుకు దారిలో అవి కాస్త ఒకదానిమీదికొకటి జరగాలి కదా. 36వ వారానికల్లా చాలామంది బిడ్డలు తల కిందికి తిప్పుకుంటారు.

లోపలి నుంచి వినడం కూడా బాగా సాగేది ఇప్పుడే. అభిమన్యుడి కథ, నారదుడి మాటలు విన్న ప్రహ్లాదుడి కథ మనకు కొత్తవి కావు. పద్మవ్యూహం సంగతేమో గానీ, 1986లో అమెరికాలో డికాస్పర్, స్పెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు గర్భిణుల చేత చివరి ఆరు వారాలు ఒకే పిల్లల కథను రోజూ పైకి చదివించారు. పుట్టిన పిల్లలు కొత్త కథకన్నా కడుపులో విన్న కథకే మొగ్గు చూపారు. 2009లో వెలువడిన మరో అధ్యయనంలో ఫ్రెంచి తల్లుల పిల్లలు, జర్మన్ తల్లుల పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే వేర్వేరు రాగాల్లో ఏడుస్తున్నట్టు తేలింది. మాతృభాష మాటలు రాకముందే దాని రాగం వస్తుందన్న మాట. చుట్టూ బెంగాలీ మోగే ఈ ఊళ్లో నా బిడ్డకు తెలుగు రాగం పట్టుబడాలంటే నేను ఫోన్లో అమ్మతో పోట్లాడటమే మార్గం. ఆ విషయంలో లోటేమీ జరగడం లేదు.

ఇదంతా లోపలి సంగతి. బయట మెట్లున్నాయి. మాది లిఫ్ట్ లేని పాత ఇంట్లో మూడో అంతస్తు. గర్భిణి ఒంట్లో రక్తం మామూలుకన్నా దాదాపు సగం పెరుగుతుంది. గుండె ఆ భారమంతా మోస్తుంది. పైకి నెట్టుకొచ్చిన గర్భసంచి ఊపిరికి అడ్డం పడుతుంది. రెండో అంతస్తు మలుపులో ఆగి, ఎవరైనా చూస్తే ఫోన్లో మెసేజి చదువుతున్నట్టు నటిస్తాను. సాయంత్రానికి చెప్పులు పట్టవు. రాత్రి పిక్కలు పట్టేస్తాయి. వెల్లకిలా పడుకోవద్దు, పక్కకు తిరిగి పడుకోమంటారు. అలా పడుకుంటే పదిసార్లు లేవాల్సి వస్తుంది. తిన్నది గొంతులోకి వస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినాలి. ఇవన్నీ మామూలేనని డాక్టర్ అంటుంది. మామూలు అనే మాటకు ఇంత విస్తృతమైన అర్థం ఉందని నాకిప్పుడే తెలిసింది.

తిండి విషయంలో రెండు రాష్ట్రాలకూ పేచీ లేదు. ఏడో నెలలో అమ్మ కోరమండల్ ఎక్కి చలిమిడితో వచ్చి, గాజులు తొడిగి, పూలు ముడిచి సీమంతం చేసి వెళ్లింది. పోయిన నెల మాసిమా పట్టుబట్టి 'సాధ్' పెట్టింది. ఆ మాటకు కోరిక అని అర్థం. బెంగాలీలు చూలాలికి కొత్త చీర పెట్టి, అయిదు రకాల వేపుళ్లు, చేపలు, పాయసం వడ్డించి, ఇష్టమైనదల్లా తినమంటారు. కాన్పులో ప్రాణాలు పోవడం సర్వసాధారణమైన రోజుల్లో ఆ కోరిక తీర్చడం వెనుక ఉన్న భయం ఏమిటో ఊహించవచ్చు. భయం తగ్గి, విందు మిగిలింది. అయితే ఆ ఒక్కరోజు విందు తర్వాత మిగిలిన రోజుల సంగతేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, బెంగాల్‌లో ప్రతి అయిదుగురిలో ముగ్గురు రక్తహీనతతో ఉన్నారు. బిడ్డ ఇనుము దాచుకోవాల్సిన నెలల్లో తల్లి ఖజానాయే ఖాళీ. దీనికి మందు పాయసం కాదు, రోజూ వేసుకోవాల్సిన ఐరన్ మాత్ర.

ఇంతమంది ఇంత శ్రద్ధగా చూస్తున్నా, పోయిన బుధవారం జరిగినదాన్ని ఎవరూ కనిపెట్టలేకపోయారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మంచం మీద వాలాక, మధ్యాహ్నం నుంచి బిడ్డ కదిలినట్టు గుర్తులేదని తట్టింది. ఆ రోజంతా ఒక వార్త వెంట పడి పట్టించుకోలేదేమో అనుకున్నాను. అమ్మకు ఫోన్ చేశాను. "నెలలు నిండుతున్నాయి కదే, లోపల చోటెక్కడిది? కదలికలు తగ్గుతాయి, కంగారు పడకు" అంది. కింద మాసిమా కూడా దాదాపు అదే మాట బెంగాలీలో చెప్పి, "ఏం కాదు బౌమా" అంటూ రసగుల్లా చేతిలో పెట్టింది. తిని, ఎడమవైపు తిరిగి పడుకుని, గడియారం పక్కన పెట్టుకున్నాను. రెండు గంటల్లో లెక్కపెట్టగలిగింది నాలుగు. రోజూ ఆ వేళకు నా పక్కటెముకల మీద ఫుట్‌బాల్ ఆడే బిడ్డ అది.

నేను చూపించుకుంటున్న ఆస్పత్రికి ఫోన్ చేస్తే అవతలి గొంతు పొద్దున రమ్మంది. ఆయన నా మొహం చూసి, ఏమీ అడక్కుండా టాక్సీ పిలిచాడు. రాత్రి పదిన్నరకు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ పొట్టకు రెండు బెల్టులు కట్టి మెషిన్ ఆన్ చేసింది. ఆ గదిలో గుర్రం పరుగెత్తుతున్నట్టు చప్పుడు వినిపించేదాకా గడిచిన క్షణాలను గురించి రాయడం నాకు చేతకాదు. నిమిషానికి 140. పదిహేను నిమిషాల తర్వాత, ఇంత గొడవ దేనికన్నట్టు, ఒక్క తన్ను. స్కానింగ్‌లో అంతా సవ్యంగా ఉంది. అనవసరంగా శ్రమ ఇచ్చానని నేను సంజాయిషీ చెప్పుకోబోతే ఆ డాక్టరమ్మ ఆపేసింది. "మళ్లీ తగ్గితే మళ్లీ రండి. రాత్రి రెండయినా సరే" అంది.

ఆమె చెప్పిన విషయం ఇంటింటికీ తెలియాల్సింది. చివరి వారాల్లో కదలికల తీరు మారవచ్చు. తన్నులకు బదులు దొర్లడాలు, నెట్టడాలు ఎక్కువ కావచ్చు. కానీ చోటు చాలక కదలికలు తగ్గిపోతాయన్నది నిజం కాదు. కాన్పు మొదలయ్యేదాకా అవి ఉండాల్సిందే. బిడ్డ నిద్రపోతుంది, నిజమే. ఆ కునుకు సాధారణంగా ఇరవై నుంచి నలభై నిమిషాలు. గంటన్నర దాటడం అరుదు. రెండు గంటల్లో పది కదలికలన్నది చాలామంది డాక్టర్లు చెప్పే లెక్క. అంతకన్నా ముఖ్యం, మీ బిడ్డ అలవాటు మీకు తెలిసి ఉండటం. అలవాటు తప్పితే తీపి తిని పొద్దుటి దాకా ఆగడం కాదు, వెంటనే చూపించుకోవడం. ఎక్కువసార్లు నాకు జరిగినట్టే అంతా బాగానే ఉందని తేలుతుంది. ఎప్పుడో ఒకసారి తేలదు. ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 20 లక్షల మంది బిడ్డలు ఊపిరి లేకుండా పుడుతున్నారని 2020లో ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది. అదే విధంగా ఆగని తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, రక్తం కనబడటం, ఉమ్మనీరు కారడం. వీటిలో ఏదీ 'మామూలు' ఖాతాలో వేయకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణికి కనీసం ఎనిమిది పరీక్షలు జరగాలని చెప్పింది. అందులో అయిదు ఈ చివరి మూడు నెలల్లోనే. మన ప్రభుత్వం కూడా అదే ఏడాది నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో ఉచిత పరీక్షల కార్యక్రమం పెట్టింది. కానీ రెండు పరీక్షల మధ్య ఉన్న రోజుల్లో లోపలి వార్త చెప్పగలిగిన విలేకరి ఒక్కరే. ఆ విలేకరిని నమ్మడం మనకింకా అలవాటు కాలేదు. ఎం.ఏ.లో ప్రాతినిధ్య సిద్ధాంతాలు బట్టీ పట్టిన రోజుల్లో, నోరు లేనివారి తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు నేను ఆరు పేజీల జవాబు రాశాను. ఇప్పుడైతే ఒక్క వాక్యంలో రాస్తాను.

విలేకరికి వినేవాళ్లతోపాటు తీరిక కూడా కావాలి. ఎడమవైపు తిరిగి రెండు గంటలు పడుకుని లెక్కపెట్టుకునే వెసులుబాటు నాకుంది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి రోజూ తెల్లవారుజామున క్యానింగ్ లోకల్ పట్టుకుని వచ్చి నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. తన రెండో కాన్పుకు పది రోజుల ముందు దాకా పనికి వెళ్లానని మామూలుగా చెప్పింది. మళ్లీ అదే మాట, మామూలు. "బిడ్డ కదిలేది తెలిసేదా?" అని అడిగాను. "పనిలో ఉంటే ఏం తెలుస్తుంది దీదీ, రాత్రి పడుకున్నాక చూసుకునేదాన్ని" అంది.

ప్రసూతి సెలవు చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లోనూ అవే అంకెలు. నాలాంటి ఉద్యోగులకు సరే. నాలుగిళ్ల యజమానుల్లో ఎవరి మీదా ఈ బాధ్యత పెట్టలేని ఆమెకు 2013 ఆహార భద్రతా చట్టం కనీసం 6,000 రూపాయల ప్రసూతి సాయం హామీ ఇచ్చింది. 2017లో మొదలైన మాతృ వందన పథకం తొలి కాన్పుకు ఇచ్చేది 5,000. పని మానుకుని పడుకోవడానికి అది ఎన్ని వారాలకు సరిపోతుందో లెక్కవేయడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

నేను వచ్చే వారం నుంచి సెలవు పెడుతున్నాను. రాజమండ్రి వెళ్లడం లేదు. పురిటికి పుట్టింటికి రాని కూతురిని ఎక్కడా చూడలేదని అమ్మ రెండు రోజులు అలిగింది. తర్వాత తనే బయల్దేరుతున్నానని కబురు చేసింది. బుధవారం సంగతి విన్నప్పటి నుంచి ఆమె ఫోన్ చేయగానే అడిగే ప్రశ్న మారింది. ఏం తిన్నావని అడగడం లేదు.

"ఇవాళ ఎలా ఉన్నాడే లోపలివాడు, ఏమంటున్నాడు?" అంటోంది. ఆడపిల్ల కావచ్చు కదమ్మా అంటే, మెట్రోలో ముగ్గురు చెప్పారని నువ్వే కదా అన్నావు అంటోంది.