కొలత ప్రక్కన ఉండవలసిన అంకె

అర్బుదవ్యాధికి గుఱియై ఆసుపత్రికి పోయి, మనవారు వాడుకలో ‘కరెంటు పెట్టించుకొనుట’ అనెడి కిరణచికిత్స ముగించుకొని వచ్చిన రోగిని, నీకు వైద్యము చేసినవారెవరని అడిగిన యెడల, డాక్టరుగారి పేరు చెప్పును, యంత్రము నడిపిన టెక్నీషియనును తలచుకొనును, ఓపికతో పలుకరించిన నర్సమ్మను దీవించును. కాని, తాను బల్లపై పరుండుటకు ఎంతోముందే, ప్రొద్దుటిపూట ఆ గది తలుపు తెఱచి, కిరణములను కొలుచు అయాన్ చాంబరును కిరణమార్గమున నిలిపి, నేడు యంత్రము వెలువరించు మోతాదు నిలుకడగా నున్నదో లేదో చూచి, పుస్తకములో సంతకము చేసి వెడలిపోయిన ఫిజిసిస్టు ఒకడున్నాడని ఆ రోగి యెఱుగడు. ఎఱుగవలసిన పనియు లేదు. ఆ పని సక్రమముగా సాగినంతకాలము దానిని చేయువాడు కనబడకుండుటయే దాని లక్షణము.

ఈ ఫిజిసిస్టు పనియెల్ల కొలుచుటయే గాని, కొలువగా వచ్చిన అంకెను అతడు పూర్తిగా నమ్మడు. ప్రతిదినపు పరీక్షలో మోతాదు 3 శాతమునకు మించి అటునిటు జరిగినదా, కారణము తెలియువఱకు రోగిని బల్ల యెక్కనీయడు. గడ్డకు చేరవలసిన మోతాదు 5 శాతమునకు మించి తప్పరాదను ప్రమాణము 1976 నుండి లోకమంతట ప్రచారములో నున్నది. అతడు వాడు చాంబరు సయితము నిర్ణీతకాలమున ప్రమాణశాలకు పోయి రావలసినదే. అచ్చటినుండి తిరిగివచ్చు పత్రములో దాని గుణకము ఇంత యని చెప్పి ఊరకొనరు, ఆ గుణకమునందలి అనిశ్చితి ఇంత శాతమని ప్రక్కనే వేఱొక అంకెను అచ్చువేయుదురు. నేటి భాభా అణు పరిశోధన కేంద్రమువారి ఆధ్వర్యమున 1962లో మొదలైన శిక్షణలో ఆరితేరి, మన ఆసుపత్రులలో కుదురుకొన్నవారిని అడిగిచూడుడు. ఆ రెండవ అంకె లేని పత్రము తమకు చెల్లని నాణెమందురు.

ఈ నిష్ఠనే చదరంగపు బల్లకడకు కొనిపోయిన ఒక భౌతికశాస్త్రజ్ఞుని గూర్చి నేడు చెప్పదలచితిని. ఆర్పాడ్ ఎలో పనిచేసినది కళాశాలలోనే గాని వైద్యశాలలో గాదు. అయినను కొలతల విషయమున ఆయన ఈ ఫిజిసిస్టులకు సగోత్రుడు. 1903 ఆగస్టు 25న హంగేరీలోని ఒక పల్లెలో జన్మించి, పదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో అమెరికా చేరి, చికాగో విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి, 1926 మొదలు మిల్వాకీ నగరమునందలి మార్కెట్ విశ్వవిద్యాలయములో దశాబ్దములపాటు ఆ శాస్త్రమునే బోధించెను. పగలు పాఠము, సెలవుదినములలో పోటీ. విస్కాన్సిన్ రాష్ట్రపు చదరంగ విజేతగా ఎనిమిది పర్యాయములు నిలిచెను. 1939లో అమెరికా చదరంగ సమాఖ్య ఏర్పడినప్పుడు దానికి పునాది వేసినవారిలో ఒకడయ్యెను. అనగా కుర్చీలో కూర్చుండి లెక్కలు కట్టిన పండితుడు మాత్రమే కాడు. గడియారము కొట్టుకొనుచుండగా ఎత్తు తోచక చెమటలు పట్టిన అనుభవము గలవాడు. రాష్ట్రమున మేటియైనను, గ్రాండ్‌మాస్టరుల వరుసకు తాను చెందనని ఆయనకు స్పష్టముగా తెలియును. తన మేర తాను ఎఱిగినవాడు ఇతరుల మేరను కొలుచుటకు పూనుకొనుట మేలైన శకునము.

1957లో మిల్వాకీలో జరిగిన ఒక పోటీయందు, ఏబదిమూడేండ్ల ఈ ఆచార్యునకు ఎదుట నల్లపావులతో కూర్చున్నవాడు పదునాలుగేండ్ల బాలుడు. బాలుడు సిసిలియన్ రక్షణ నెంచుకొని ఆట గెలిచెను. ఆ బాలుడు బాబీ ఫిషర్. పదునైదేండ్లు గడిచి 1972లో ఫిషర్ ప్రపంచవిజేత అయిన నాటికి, అతని పేరు ప్రక్కన నిలిచిన 2785 అను సంఖ్య, నాడు అతని చేత ఓడిన మనిషి కట్టిన లెక్కనుండి పుట్టినదే. పిల్లవాని చేతిలో ఓటమి పెద్దవారి మనస్సులో ములుకువలె నాటుకొనుట మనమెఱిగినదే. ఎలో లెక్కలలో ఆ ములుకు జాడ వెదకినను దొరకదు.

ఆ లెక్క స్వరూపము కొంత చెప్పవలెను. అంతకుముందు అమెరికాలో ఆటగాని బలమునకు ‘రేటింగు’ అను సంఖ్యను కట్టుటకు కెన్నెత్ హార్క్‌నెస్ అనునాతడు కూర్చిన పద్ధతి యొకటి అమలులో నుండెను. దానిలో లోపములు బయలుపడగా, సరిదిద్దు భారము సమాఖ్యవారు ఎలోపై నుంచిరి. ఆయన మొదట ఒప్పుకొన్నది, ఏ ఆటగాడును ప్రతిదినము ఒకే బలముతో ఆడడని. నిన్న సింహమువలె విజృంభించినవాడు నేడు చేతికందిన ఏనుగును చూడక పోవచ్చును. కావున బలము ఒక బిందువు గాదు; మధ్యలో ఎత్తుగా నుండి ఇరువంకల వాలిపోవు ఒక వ్యాప్తి. ఆ వ్యాప్తికి ప్రమాణముగా 200 అను అంకెను గ్రహించి ఆయన లెక్క కట్టెను. దాని ఫలమేమనగా, ఇరువురి నడుమ 200 పాయింట్ల భేదమున్న యెడల బలవంతునికి నూటికి సుమారు 76 పాయింట్లు రావలెను. 400 ఉన్న యెడల 91 దాటవలెను. వచ్చినది రావలసినదానిని మించెనా, రేటింగు పెరుగును, తగ్గెనా, తఱుగును. ఇంతకుమించి దానిలో మర్మమేమియు లేదు. 1960లో అమెరికా సమాఖ్యయు, 1970లో ప్రపంచ చదరంగ సంస్థ ఫిడేయు ఈ పద్ధతిని స్వీకరించినవి. తొలిదినములలో ఫిడే జాబితాలను ఆయనయే చేతి కాలిక్యులేటరుతో లెక్కించెడివాడు. 1978లో తన పద్ధతిని గ్రంథముగా వెలువరించి, గతశతాబ్దపు వీరులను సయితము ఆ త్రాసులో తూచిచూపెను. 1992 నవంబరు 5న ఆయన మరణించెను.

ఇంత శ్రమపడి త్రాసు చేసినవాడు దానిని గూర్చి గొప్పలు చెప్పుకొనలేదు. రేటింగు కట్టుటయనగా, నీటిపై ఎగిరిపడుచున్న బెండుముక్క స్థానమును, గాలికి ఊగుచున్న త్రాటికి కట్టిన గజముబద్దతో కొలుచుట వంటిదని ఆయనయే నవ్వుచు పోల్చెనని ప్రతీతి. ఇది నిజముగా ఫిజిసిస్టు పలుకవలసిన మాట. విచారకరమేమనగా, లోకము ఆ గజముబద్దను గ్రహించి, గాలిని, త్రాటిని మఱచినది. ఎలో తన గ్రంథములో అనిశ్చితిని గూర్చి చర్చించెను. ఫిడే అచ్చువేయు జాబితాలో మాత్రము ఒక్క సంఖ్యయే నిలిచినది, దాని ప్రక్కన ఉండవలసిన రెండవ అంకె లేదు. 1995లో మార్క్ గ్లిక్‌మన్ అను సంఖ్యాశాస్త్రజ్ఞుడు, రేటింగుతో పాటు దాని అనిశ్చితిని సయితము లెక్కించు పద్ధతిని ప్రకటించెను. అంతర్జాలమున నడచు చదరంగశాలలు దానిని ఆదరించినవి. ఫిడే ఇంకను ఏకసంఖ్యావ్రతమునే పట్టియున్నది.

ఈ సంగతి తెలుగువారికి పట్టదని అనుకొనవలదు. 2007లో కోనేరు హంపి 2600 దాటి, జుడిత్ పోల్గార్ తరువాత ఆ మేరను దాటిన రెండవ మహిళ అయినప్పుడును, 2024 డిసెంబరు జాబితాలో వరంగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి 2801కి చేరి, విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాటిన రెండవ భారతీయుడైనప్పుడును మనము పొంగినది ఎలో లెక్క చూచియే. వందలకొలది ఆటలతో నిగ్గుతేలిన అట్టివారి రేటింగును నమ్మవచ్చును. చిక్కంతయు పసివారితో. ఫిడే నియమము ప్రకారము తొలి 30 ఆటలు ముగియువఱకు క్రొత్త ఆటగాని లెక్కలో వాడు గుణకము 40; 2400 దాటినవారికి 10. సమానులైన ఇరువురు బాలలు ఆడినప్పుడు ఒక్క ఆటకు గెలిచినవాడు 20 ఎక్కును, ఓడినవాడు 20 దిగును. అంతగా ఊగులాడు సంఖ్యను చూచి, కోచ్‌లు పిల్లలను బ్యాచీలుగా విడదీయుటయు, బంధువులు ఫలానావాని బిడ్డ 1700, మీ వాడు 1500 యేనా యని నిట్టూర్చుటయు మన నగరములలో సర్వసాధారణమైనది. 2024 మార్చిలో ఫిడేయే, 2000 లోపువారి రేటింగులు కుంగిపోయినవని గ్రహించి, ఒక సూత్రము చేత అందఱికిని ఒక్కసారిగా పెంచినది: 1500 ఉన్నవాడు రాత్రికి రాత్రి 1700 అయినాడు. ఆ పిల్లవాని ఆటలో ఆ రాత్రి ఏమి మాఱినది?

కావున ఫిడేవారిని కోరునది ఒక్కటే: చాంబరు పత్రములో నున్నట్లు, ప్రతి రేటింగు ప్రక్కన దాని అనిశ్చితిని సయితము అచ్చువేయవలెను, దానికి వలయు గణితము చేతనే యున్నది. అది జరుగు లోపల, పోటీ ముగించుకొని ఇల్లు చేరిన బిడ్డను రేటింగు ఎంత పెరిగినదని ప్రశ్నింపక, స్కోరుషీటు తెమ్మని, ఏ యెత్తుకడ ఆట చేజాఱినదో చూపుమని తల్లిదండ్రులు అడుగవలెనని నా మనవి.