చెవి సాక్ష్యం

ఖరీదైన స్పీకర్లు అమ్మే షాపులో డెమో రూమ్‌కి ఎప్పుడైనా వెళ్లారా? ఏసీ చల్లగా ఉంటుంది. లైటు తక్కువగా ఉంటుంది. ఎదురుగా ఛాతీ ఎత్తున రెండు నల్లటి పెట్టెలు నిలబడి ఉంటాయి. మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, ముందు ధర చెప్తారు, తర్వాత పాట పెడతారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ముందు ధర, తర్వాత పాట.

సంక్రాంతికి ముందు హైదరాబాద్‌లో అలాంటి రూమ్‌లో మా తమ్ముడితో కూర్చున్నా. తమ్ముడంటే బాబాయ్ కొడుకు. జత అయిదున్నర లక్షలు. పాట అయిపోయాక నావైపు తిరిగి "ఎట్టా ఉంది అన్నయ్యా?" అన్నాడు. ఈ కాలమ్‌లో గాడ్జెట్ల గురించి రాస్తుంటా కాబట్టి మా చుట్టాల్లో నేనే సౌండ్ ఎక్స్‌పర్ట్‌ని. "కళ్లు మూసుకుని తీసేసుకో" అన్నా. ఆ మాట ఎంత నిజమో అప్పుడు నాకు తెలియదు.

వాడు కొనాలనుకున్నది తన కోసం కాదు, మా బాబాయ్ కోసం. బాబాయ్ నిడుబ్రోలులో ముప్ఫై ఏళ్లు మైక్ సెట్ నడిపాడు. పొన్నూరు చుట్టుపక్కల పెళ్లిళ్లు, తిరనాళ్లు, ఎన్నికల మీటింగులు, పద్య నాటకాలు అన్నిటికీ ఆయన గొట్టం మైకులే. ఇప్పుడు షెడ్డులో దుమ్ము పట్టి ఉన్నాయి. రెండేళ్లుగా ఆయన ఒకటే మాట: "టీవీలో సౌండ్ వస్తా ఉంది గానీ మాట తెలియట్లా. ఈ కొత్త సామానంతా డొల్లరా." తమ్ముడు టీవీ మార్చాడు, సౌండ్‌బార్ పెట్టాడు. అయినా అదే మాట. నాన్న ముప్ఫై ఏళ్లు ఊరందరికీ పాటలు వినిపించాడు, ఆయనకి మంచి సౌండ్ వినిపించలేనా అని వాడి పట్టుదల. అందుకు మూడేళ్ల ఈఎంఐకి కూడా రెడీ అయ్యాడు.

అడ్వాన్స్ కడితే రెండ్రోజులు ఇంట్లో విని చూసుకోమని షాపువాళ్లు జత పంపించారు. నేను మా ఇంట్లో వాడే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కూడా కార్లో వేసుకొచ్చా. జత 48 వేలు. తేడా ఎంతుందో వాడికి చూపిద్దామని. పొన్నూరు ఇంట్లో రెండూ పక్కపక్కన పెట్టి వింటే అందరం పెద్దవాటికే ఓటేశాం. కాఫీ ఇవ్వడానికొచ్చిన పిన్ని కూడా "పెద్దవే బాగున్నాయిలే" అంది. అప్పటికి చిన్నవాటికి వైరే కలపలేదు!

కళ్లు చెప్పే సాక్ష్యం

అక్కడ మాకు అనుమానం మొదలైంది. మా ఊరి దేవుడు సాక్షి భావనారాయణస్వామి. ఇచ్చిన మాట తప్పిన మనిషి మీద సాక్ష్యం చెప్పడానికి స్వామే కదిలొచ్చాడని ఇక్కడ చెప్పుకుంటారు. సాక్షి అనే మాటలోనే 'అక్షి' ఉంది, అంటే కన్ను. కళ్లారా చూసినవాడే సాక్షి. కోర్టుకి ఆ లెక్క సరిపోతుంది. సౌండ్ దగ్గరికి వచ్చేసరికి చూసినవాడే దొంగ సాక్షి అవుతాడు.

ఇది నా సొంత తెలివి కాదు. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అని స్పీకర్ల పరిశోధనలో పేరున్న ఇద్దరు 1994లో ఒక పరీక్ష చేశారు. వాళ్లు పనిచేసే హార్మన్ కంపెనీలోనే కొంతమందిని కూర్చోబెట్టి, అవే స్పీకర్లని ఒకసారి తెర వెనక, ఒకసారి తెర లేకుండా వినిపించి మార్కులు వేయించారు. తెర తీయగానే మార్కులు మారిపోయాయి. పెద్దవిగా, ఖరీదుగా కనపడినవాటికి పెరిగాయి. చిన్న ప్లాస్టిక్ సెట్‌కి తగ్గాయి. ఇంకో సంగతి. స్పీకర్‌ని గదిలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపితే సౌండ్ నిజంగానే మారుతుంది. తెర ఉన్నప్పుడు ఆ మార్పు పట్టుకున్నవాళ్లే, కళ్లెదుట స్పీకర్ కనపడుతుంటే దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత హార్మన్ ల్యాబ్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఒక గదే కట్టారు. తెర వెనక యంత్రం కొన్ని సెకన్లలో ఒక స్పీకర్‌ని పక్కకి లాగి, అదే చోట ఇంకోటి పెడుతుంది. మాకు యంత్రం లేదు. పిన్ని పాత వాయిల్ చీర ఉంది. పల్చటి నూలు గుడ్డలోంచి సౌండ్ దాదాపు అలాగే బయటికొస్తుంది, పెట్టె మాత్రం కనపడదు. దండెం తాడు కట్టి చీర ఆరేశాం.

గట్టిగా ఉన్నదే గొప్పగా

చీర కట్టినంత మాత్రాన సరిపోదు. ఒకే వాల్యూమ్ దగ్గర పెద్ద స్పీకర్ చిన్నదానికంటే గట్టిగా మోగుతోంది. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూస్తే 3 డెసిబెల్స్ తేడా. వినడానికి చిన్న తేడానే, కానీ మన చెవికి అంత చాలు. సౌండ్ తగ్గేకొద్దీ బేస్ మనకి మరీ తక్కువగా వినపడుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే రెండిట్లో కొంచెం గట్టిగా ఉన్నది నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది. షాపులో మనకి అమ్మాలనుకున్నదాన్ని ఒక్క గీత పెంచితే చాలు, పని అయిపోతుంది.

మేం హోరుమనే పింక్ నాయిస్ ఆడించి, కూర్చునే చోట రెండూ సమానంగా వచ్చేలా వాల్యూమ్ నంబర్లు రాసుకున్నాం. ఇలా పోల్చడానికి ఫోన్ యాప్ చాలు.

పాటలు ఏం పెట్టాలి? షాపుల్లో పెట్టేవి షాపుకి పనికొచ్చే పాటలు. మీకు బాగా తెలిసిన మనిషి గొంతు పెట్టండి. మేం ఇంటిపక్క మనుషుల్నే ఎంచుకున్నాం. మాధవపెద్ది సత్యం పుట్టింది పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరులో. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడి భోజనం పాట ఆయనదే. ఆ గొంతు కుండలో తలపెట్టి పాడినట్టుంటే స్పీకరో, గదో బేస్‌ని ఉబ్బిస్తోందన్నమాట. ఎస్.జానకి పుట్టింది రేపల్లె దగ్గర పల్లపట్లలో. 'మురిపించే మువ్వలు' (1962)లో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో ఆమె పోటీపడిన పాట ఉంది కదా. గొంతు ఎక్కడ ఆగింది, నాదస్వరం ఎక్కడ అందుకుంది అనేది స్పష్టంగా తెలియాలి. రెండూ కలిసిపోయి ఒకటే ముద్దగా వినపడితే ఆ స్పీకర్ పాస్ కానట్టే.

"పాత మోనో పాటలతో కొత్త స్పీకర్ల పరీక్షేంటి?" అన్నాడు తమ్ముడు. అక్కడే కిటుకు ఉంది. స్టీరియోలో కంటే మోనోలో, ఒక్క పెట్టెనే వింటే స్పీకర్ లోపాలు త్వరగా దొరుకుతాయని టూల్ పరీక్షల్లోనూ తేలింది. అందుకే మేం కూడా జతలోంచి ఒక్కొక్కటే పెట్టాం. అయితే పాత రికార్డింగుల్లో బాగా కింది బేస్, బాగా పై శబ్దాలు తక్కువ. వాటి కోసం ఈమధ్య పాటలు రెండు కలిపాం.

పది రౌండ్లు

తమ్ముడు చీర వెనక. నేను, బాబాయ్, వాడి ఫ్రెండ్ ఒకడు ఇవతల. పది రౌండ్లు. రైలు వెళ్తుంటే ఆపడం, మళ్లీ మొదలెట్టడం. నేను ఎనిమిదిసార్లు 'ఇది బాగుంది' అన్నది 48 వేలదాన్నే! షాపులో అంత గట్టిగా సిఫార్సు చేసినవాణ్ని, ఎక్కడ తలపెట్టుకోవాలో తెలియలేదు. ఫ్రెండ్ ఏడుసార్లు చిన్నదే అన్నాడు.

మరి పెద్దది చెత్తదా? కాదు. అసలు దోషి గది. హాలు పొడవు 14 అడుగులు. ఎదురెదురు గోడల మధ్య అంత దూరం ఉంటే 40 హెర్ట్జ్ దగ్గర బేస్ నిలబడి ఊగుతుంది. చిన్న స్పీకర్ అంత కిందికి దిగదు కాబట్టి బతికిపోయింది. పెద్దది దిగుతుంది. పైగా దాన్ని మూలకి నెట్టిపెట్టాం. మూలలో పెడితే బేస్ ఇంకా ఉబ్బుతుంది. కింద పాలరాయి, పక్కన అద్దాల బీరువా. చప్పట్లు కొడితే టింగుమని గోడల మధ్య మోగుతోంది.

రెండు పెట్టెల్నీ మూలలోంచి మూడడుగులు ముందుకి లాగాం. నేల మీద జంపఖానా పరిచాం, బీరువాకి దుప్పటి కప్పాం. మళ్లీ పది రౌండ్లు. ఈసారి నేను అయిదు దీనికి, అయిదు దానికి. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. పది రౌండ్లతో శాస్త్రం తేలదని నాకూ తెలుసు. కానీ అయిదు లక్షల తేడా పది రౌండ్లలో కూడా బయటపడకపోతే, ఆ హాల్లో, మేం వినే సౌండ్‌కి అది మాకు అక్కర్లేదు. పెద్ద హాలు ఉండి, గట్టిగా వినేవాళ్లకి ఆ స్పీకర్ తన విలువ చూపిస్తుంది.

బాబాయ్ మార్కులు మాత్రం రెండుసార్లూ ఎటూ తేలలేదు. ఒకే పాట, ఒకే పెట్టె. ఒకసారి "బాగుంది" అంటాడు, ఇంకోసారి "దూరంగా పాడతన్నాడు" అంటాడు. ముప్ఫై ఏళ్లు సౌండ్ మీద బతికిన మనిషి. నేను ఆయన విసుగొచ్చి ఏదో ఒకటి చెప్తున్నాడనుకున్నా.

పిన్ని గొంతు

చివరగా ఒక పరీక్ష మిగిలింది. నాకు బాగా ఇష్టమైనది. ఇంట్లో మనిషి గొంతుని ఆరుబయట, ఫోన్ దగ్గరగా పెట్టి రికార్డ్ చేసి స్పీకర్లో వినడం. ఆ మనిషి అసలు గొంతు మనకి తెలుసు కాబట్టి ఏది మారినా ఇట్టే దొరుకుతుంది. పెరట్లో పిన్ని చేత నాలుగు మాటలు చెప్పించి తెచ్చి పెట్టాం. "సంచి తీసుకెళ్లండి, చింతపండు తెండి..." అని సాగుతుంది.

బాబాయ్ నవ్వాడు. "మీ పిన్నే. మంచం తీసుకెళ్లమంటందేంటి?"

మేం కూడా నవ్వాం. పిన్ని నవ్వలేదు. "ఇంట్లో కూడా ఇంతే. నేనొకటి చెప్తే ఇంకోటి వినపడద్ది. గట్టిగా చెప్తే అరుస్తావేంటంటాడు" అంది. మళ్లీ పెట్టాం. రెండో స్పీకర్లో పెట్టాం. రెండిట్లోనూ మంచమే.

స, శ, చ లాంటి హల్లుల్లో శబ్దం ఎక్కువగా పైస్థాయిలో ఉంటుంది. అచ్చులు కింద ఉంటాయి. ఆ పైభాగం చెవికి అందకపోతే పాట వినపడుతుంది, సౌండ్ వినపడుతుంది, మాట మాత్రం తెలియదు. ఆయన రెండేళ్లుగా చెప్తోంది అక్షరాలా అదే. మేం టీవీని అనుమానించాం, సౌండ్‌బార్‌ని అనుమానించాం. చెవిని ఎవరం అనుమానించలేదు.

గుంటూరు తీసుకెళ్లి ఆడియోమెట్రీ చేయించాం. గ్రాఫ్‌లో గీత 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడినట్టు దిగింది. ఏళ్ల తరబడి పెద్ద శబ్దంలో పనిచేసినవాళ్లకి తరచుగా అక్కడే పడుతుందట. గొట్టం మైకుల పక్కన నిలబడిన ముప్ఫై ఏళ్లూ ఆ గోతిలో ఉన్నాయి. పోయిన వినికిడి తిరిగి రాదని, మిషన్ పెట్టుకుంటే మాట తెలుస్తుందని డాక్టర్ చెప్పారు. కారులో వచ్చేటప్పుడు తమ్ముడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. అయిదున్నర లక్షల జత వెనక్కెళ్లింది. ఆ డబ్బులో కొంత రెండు చెవుల మిషన్లకి పోయింది. నా చిన్న స్పీకర్లు పొన్నూరులోనే ఉండిపోయాయి.

మీరు స్పీకర్లు కొనాలనుకుంటే నా సలహా ఇంతే. ధర చివర్లో అడగండి. సౌండ్ సమానం చేయించండి. తెలిసిన గొంతు పెట్టించండి. వీలైతే మీ గదిలోనే, ఏది మోగుతోందో తెలియకుండా వినండి. తీర్పు చెప్పే చెవిని కూడా ఒకసారి పరీక్ష చేయించండి. వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, అంతకు మించి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సౌండ్ ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ టైమ్ సగానికి పడిపోతుంది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ లెక్క ఉంటే ఈ రోజే చూడండి.

మిషన్లు అంత సుఖంగా ఏం లేవు. మొదటి వారం ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు భరించలేక బాబాయ్ తీసి జేబులో వేసుకున్నాడు. పాట కొంచెం పీలగా ఉందంటాడు. నెల తర్వాత మేం వెళ్లేసరికి పెట్టుకునే ఉన్నాడు. పిన్ని సంచి ఇస్తే సంచే తీసుకున్నాడు.

ఆ సాయంత్రం తమ్ముడు అరుగు మీద కూర్చుని ఇయర్‌బడ్స్‌లో ఏదో పాట వింటున్నాడు. బాబాయ్ వెళ్లి వాడి భుజం తట్టాడు.

"తగ్గించరా. నాక్కూడా వినపడతా ఉంది."