అన్నకు వచ్చిన సీటు చెల్లెలికి రాదా?

మధిర దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. రెండు పేజీల ఉత్తరంలో ప్రశ్న ఒక్కటే. ‘‘మా పెద్దవాడు టెన్త్ దాకా ఇక్కడే చదివాడు. ఇంటర్ విజయవాడలో. 2019లో నీట్ రాసి వరంగల్‌లో ఎంబీబీఎస్ సీటు తెచ్చుకున్నాడు. ఇప్పుడు అమ్మాయి టెన్త్‌లో ఉంది. అన్న చదివిన కాలేజీలోనే చేరుస్తానంటే, అక్కడ చదివితే తెలంగాణలో సీటు రాదని ఊళ్లోవాళ్లు అంటున్నారు. అన్నకు వచ్చింది చెల్లెలికి ఎందుకు రాదండీ?’’

ఊళ్లోవాళ్లు చెప్పింది నిజమే. అయితే ఎందుకన్నది కాస్త ఓపిగ్గా చెప్పుకోవాలి. ఎందుకంటే టెన్త్ పరీక్షలు ముగియకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి కూర్చుంటారు. ర్యాంకుల ఫొటోలు చూపిస్తారు, ఫీజులో రాయితీ అంటారు. స్థానికత సంగతి మాత్రం వాళ్ల నోట రాదు. అది వాళ్ల వ్యాపారం కాదు మరి.

ఉమ్మడి రాష్ట్రంలో 371-డి అధికరణం కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల పరిధులను మూడు స్థానిక ప్రాంతాలుగా తీసుకుని, కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించారు. ఎవరు స్థానికులు? ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివినవాళ్లు. అలా కుదరకపోతే ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏడేళ్లు లెక్కపెట్టి, ఎక్కడ ఎక్కువ కాలం చదివితే అక్కడివాళ్లు. ఈ రెండో వెసులుబాటే మధిర కుర్రాణ్ని కాపాడింది. ఆరు నుంచి పది దాకా అయిదేళ్లు ఇక్కడ, రెండేళ్లు విజయవాడలో. అయిదు పెద్దదా, రెండు పెద్దదా? తెలంగాణ స్థానికుడే.

రాష్ట్రం విడిపోయాక కూడా ఇదే పద్ధతి నడిచింది. విభజన జరిగి పదేళ్లు నిండింది 2024 జూన్ 2న. ఆ ఏడాది జులై 19న తెలంగాణ ప్రభుత్వం జీవో నంబరు 33 తెచ్చింది. ఏడేళ్ల లెక్క పోయింది. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరుసగా తెలంగాణలో చదివి, ఇంటర్ ఇక్కడే పాసైనవారే స్థానికులన్నది మిగిలింది. ఇంటర్ రెండేళ్లు పక్క రాష్ట్రంలో చదివిన పిల్లలు తెలంగాణకు స్థానికేతరులయ్యారు. పోనీ ఆంధ్రాలో స్థానికులా అంటే, చదివింది రెండేళ్లే కనుక అక్కడా కారు. రెంటికీ చెడ్డ రేవడి అన్నమాట.

కోర్టులకు వెళ్లారు. తెలంగాణకు చెందిన పిల్లలను ఈ నిబంధన పేరుతో కాదనకూడదని 2024 సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ విచారణ సాగుతుండగా, కోర్టుకెక్కిన విద్యార్థులకు ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు దొరికింది. చివరికి 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నాలుగేళ్ల నిబంధన చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఉద్యోగరీత్యా రాష్ట్రం బయట పనిచేసే తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులు, అఖిల భారత సర్వీసులవారు, సైనికులు వంటివారి పిల్లలకు సడలింపు ఇస్తామని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. ఆ జాబితాలో మధిర రైతు లేడు.

ప్రభుత్వం వైపు న్యాయం లేదని అనలేం. రాష్ట్రం ఏర్పడేనాటికి తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అయిదు. 2024 నాటికి 34. జనం సొమ్ముతో కట్టిన కాలేజీలో సీటు ఇక్కడి పిల్లలకే దక్కాలనడం తప్పు కాదు. కానీ ‘ఇక్కడి పిల్లలు’ ఎవరు? పటం మీద చూస్తే మధిరకు హైదరాబాద్ ఎక్కడ, విజయవాడ ఎక్కడ! రైలెక్కితే గంట, గంటన్నరలో విజయవాడ స్టేషన్లో దిగుతారు. అలంపూర్‌వాళ్లకు తుంగభద్ర దాటితే కర్నూలు. కోదాడవాళ్లకూ హైదరాబాద్ కన్నా విజయవాడే దగ్గర. ఆసుపత్రికీ, పెళ్లి బట్టలకూ, కాలేజీకీ వాళ్లు వెళ్లేది అటే. ఆ అలవాటు రాష్ట్రం కంటే పాతది.

నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. 2024 నీట్ జరిగింది మే 5న. జీవో వచ్చింది జులైలో. పరీక్ష రాసి, మార్కులు చూసుకుని, ఏ కాలేజీ వస్తుందో లెక్కలేసుకుంటున్న పిల్లలకు అప్పుడు తెలిసింది తాము ఇక్కడివాళ్లం కామని. రెండేళ్ల క్రితం వాళ్లు హాస్టల్‌కు పెట్టె సర్దుకున్నప్పుడు రూలు వేరు. ఇకపై తొమ్మిదో తరగతిలో చేరేవారి నుంచి అమలు చేస్తామని ఉంటే ఎవరికీ అన్యాయం జరిగేది కాదు. పదిహేనేళ్ల పిల్లకు కాలేజీ ఎంచిపెట్టింది తండ్రి, శిక్ష మాత్రం పిల్లకు. సుప్రీంకోర్టు తేల్చేసింది కనుక ఇప్పుడు దాన్ని తవ్వుకుని లాభం లేదు.

స్థానికేతరులైతే మిగిలేదేమిటి? ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటావి. తెలుగు రాష్ట్రాలు 2018లో ఈ కోటాలో చేరాయి. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లలోనూ, డీమ్డ్ యూనివర్సిటీల్లోనూ స్థానికత అడగరు, దేశవ్యాప్త ర్యాంకే చూస్తారు. ఆ పోటీ ఎంత గట్టిదో చెప్పాలంటే, 2025లో నీట్ రాసినవారు 22 లక్షల పైచిలుకు. ఇక ప్రైవేటు కాలేజీల్లో 35 శాతం ఉండే బి కేటగిరీ. అందులోనూ 85 శాతం 2022 నుంచి తెలంగాణ పిల్లలకే.

డబ్బు లెక్క కూడా చూడండి. 2024 ప్రవేశాల నాటికి తెలంగాణ ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి ఫీజు 10 వేలు. ప్రైవేటులో కన్వీనర్ సీటుకు 60 వేలు. బి కేటగిరీకి 11 లక్షల పైమాటే. అయిదేళ్లకు అర కోటి దాటుతుంది. ఒకే మార్కులు తెచ్చుకున్న ఇద్దరు పిల్లల మధ్య ఇంత తేడా. ఎవరు ఎక్కడ ఇంటర్ చదివారన్నదే దానికి కారణం. పల్లెలో అర కోటి అంటే ఎన్ని ఎకరాలో మధిర తండ్రికి నేను చెప్పనక్కర్లేదు.

అందుకని ఆయనకు నా జవాబు ఇది. అమ్మాయిని ఇంటర్ ఖమ్మంలోనో, హైదరాబాద్‌లోనో చదివించండి. విజయవాడ లెక్చరర్ల మీద మీకు గురి ఉంటే, దానికీ దారుంది. రూలు లెక్కపెట్టేది ఇంటర్ పాసయ్యే వరకే. మొదటిసారి ర్యాంకు రాకపోతే ఆ తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్ విజయవాడలో తీసుకున్నా స్థానికత ఎక్కడికీ పోదు. పేరు ఇక్కడి కాలేజీలో రాయించి, పిల్లను మాత్రం అక్కడ కూర్చోబెడతామనే ఏజెంట్లు తగులుతారు. వాళ్ల జోలికి పోవద్దు. హాజరు తనిఖీ జరిగిందంటే సీటు కాదు, ఇంటర్‌కే ఎసరు.

నోటిఫికేషన్ రాగానే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ ఇచ్చే ప్రాస్పెక్టస్‌లో స్థానికత పేజీ మీరే స్వయంగా చదవండి. ఆంధ్రాలో ఉండి పిల్లల్ని హైదరాబాద్ పంపాలనుకునేవారు విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీది చదవాలి. అక్కడి రూలు అక్కడిదే, పక్కింటివాళ్లు చెప్పింది కాదు. అమ్మాయి తొమ్మిది, పది తరగతుల స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పుడే తీసి బీరువాలో పెట్టుకోండి. కౌన్సెలింగ్ వారంలో వెళ్తే స్కూల్లో హెడ్మాస్టరుంటే గుమాస్తా ఉండడు, గుమాస్తా ఉంటే స్టాంపు ఉండదు.